సరస్సులో గొర్రెల దొడ్డి

మా దేశానికి సముద్రం లేదు. అయినా సముద్రంలో చేపలు ఎలా పట్టాలో, వల కన్ను ఎంత ఉండాలో, ఏ నెలలో ఏ చేప జోలికి పోకూడదో చెప్పే చట్టాలు నాలుగు బీరువాల నిండా ఉన్నాయి. ఐరోపా కూటమిలో చేరాలంటే వాళ్ళ చట్టాలన్నీ మన భాషలోకి రావాలి. వాళ్ళకు సముద్రం ఉంది కాబట్టి అదీ రావాలి. ఉప్పునీళ్ళు చూడాలంటే పాస్‌పోర్టు పట్టుకుని సరిహద్దు దాటే మాసిడోనియా వాళ్ళకు సముద్రపు చేపల గురించి ఇన్ని పేజీలు ఎందుకని ఎవరైనా అడిగితే, రాజధాని స్కోప్యేలోని చట్టాల అనువాద ఆఫీసులో ఒకటే జవాబు చెప్పేవారు: చేరాక పనికొస్తాయి.

ఆ పేజీలన్నీ దిద్దింది జగోర్కా. ఆమె ఉద్యోగం భాషా పరిష్కర్త. అనువాదకులు పదిమంది రాస్తారు, న్యాయవాదులు ఇద్దరు చూస్తారు, చివరికి ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆమె కూర్చుంటుంది. మంత్రి సంతకం లేని కాగితమైనా నాలుగు బల్లలు తిరుగుతుందేమో గానీ పరిష్కర్త సంతకం లేనిది ఆ ఆఫీసు గుమ్మం దాటేది కాదు. తప్పు మాట కనిపిస్తే ఆమెకు పంటి కింద రాయి పడ్డట్టు ఉండేది. ఇరవై ఏళ్ళలో ఆమె కన్ను తప్పించుకున్న కామా ఒక్కటి కూడా లేదని అందరూ చెప్పుకునేవారు. ఆమె కూడా చెప్పుకునేది.

మాకు 'అభ్యర్థి' అనే హోదా ఇచ్చిన ఏడాది పుట్టిన పిల్లలకు మూతి మీద మీసాలు వస్తున్నాయి. హోదా కాస్తా ఇంటిపేరైపోయింది. బ్రసెల్స్ నుంచి ఏటేటా ఒక నివేదిక వచ్చేది. బాగానే చదువుతున్నారు, ఇంకా చదవాలి అని దాని సారాంశం. కూటమిలో ముందే ఉన్న దక్షిణాది పొరుగువాడు మా పేరే బాగాలేదన్నాడు. సరే, చివరికి దేశం పేరు కూడా మార్చుకున్నాం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని ఆఫీసు పెద్ద స్పాసే నవ్వుతూ అనేవాడు. మంచివాడే. ఎంత కష్టమైనా నవ్వులో చుట్టి పక్కన పెట్టేసే రకం.

జగోర్కా తప్పు చేసింది ఆ పేరు మార్పుకు ఏడాది ముందు, శరదృతువులో. ఊళ్ళో ప్రతి బాల్కనీలోనూ ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. అయ్‌వార్ పచ్చడి కలిపే రోజులు. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. అడవి పక్షులను పట్టకూడదనే చట్టం అనువాదం పూర్తయింది. తరతరాలుగా వస్తున్న పద్ధతులేమైనా ఉంటే రాసి పంపండి, వాటికి మినహాయింపు అడుగుదాం అని జిల్లాలకు ముందే కబురు పంపారు. జిల్లాల నుంచి వచ్చిన కాగితాలు వచ్చినవి వచ్చినట్టే, చేతిరాతలతో సహా, ఆమె బల్ల మీద పడ్డాయి. 'చేపలు, నీటి పక్షులు' అని రాసిన అట్టలో ఒక కాగితం ఉంది. దోయ్‌రాన్ సరస్సు ఒడ్డు నుంచి వచ్చింది. గుండ్రటి, అందమైన రాత.

"దోయ్‌రాన్. మాంద్రాలు అయిదు. తాతల నాటివి. ఉండనివ్వమని మనవి."

జగోర్కా మారియోవో కొండల్లో గొర్రెల కాపరుల ఇంట పుట్టింది. మాంద్రా అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. గొర్రెల దొడ్డి. పాలు పితికి జున్ను కట్టే చోటు. ఆమె తాతకు ఒకటి ఉండేది, చిన్నప్పుడు వేసవులన్నీ అక్కడే గడిచాయి. చేపల అట్టలోకి గొర్రెల దొడ్డి ఎలా దూరిందా అని ఆమెకు నవ్వొచ్చింది. జిల్లా గుమాస్తా ఎవడో నిద్రమత్తులో ఒక అట్టలోది ఇంకో అట్టలో పెట్టి ఉంటాడనుకుంది. ఆ వాక్యాలను అడ్డంగా కొట్టేసి, పక్కన 'పాలు, జున్ను విభాగానికి' అని రాసి సంతకం పెట్టింది.

ఎదుటి బల్ల నుంచి స్పాసే తొంగి చూసి, ఒకసారి దోయ్‌రాన్‌కు ఫోన్ చేసి కనుక్కోరాదా అన్నాడు.

"మాంద్రా అంటే ఏమిటో నాకు ఫోన్‌లో చెప్పాలా?" అంది జగోర్కా. "దొడ్లో పెరిగినదాన్ని నేను. సరస్సులో గొర్రెలు మేస్తాయా ఎక్కడైనా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదన ఎందుకని స్పాసే తన కాగితాల్లో తల దూర్చాడు.

దేశమంతటా మాంద్రా అంటే గొర్రెల దొడ్డే, అందులో ఆమె పొరపాటేమీ లేదు. ఒక్క దోయ్‌రాన్ సరస్సు ఒడ్డున మాత్రం కాదు. అక్కడ మాంద్రా అంటే నీళ్ళలో రెల్లుతో కట్టే పెద్ద దడి. చలికాలంలో ఉత్తరాది నుంచి నీటికాకులు, బుడబుంగలు వస్తాయి. జాలర్లు కొన్నిటిని పట్టి, ఒక రెక్క ఈకలు కత్తిరించి దడిలోకి వదులుతారు. పక్షులకు జడిసి చేపలు లోపలి గదుల్లోకి పారిపోతాయి, అక్కడ గంపలతో ఎత్తుకోవడమే. పక్షుల వాటా పక్షులు తింటాయి, వసంతంలో ఈకలు మొలిచాక వాటి దారిన అవి ఎగిరిపోతాయి. దోయ్‌రాన్ వాళ్ళకు ఇది ఎంత మామూలు సంగతంటే, అర్జీలో చేప అన్న మాట గానీ పక్షి అన్న మాట గానీ రాయాలని ఎవరికీ తోచలేదు. మాంద్రా అంటే మాంద్రాయే కదా.

అలా ఆ అయిదూ పాల జాబితాకు వెళ్ళిపోయాయి. లేని గొర్రెలకు లేని దొడ్లు ఉంచుకోవచ్చని చట్టం దయతలచింది. ఉన్న దడుల పేరు మాత్రం ఏ జాబితాలోనూ లేకుండా పోయింది.

దేశం పేరు మారిన ఏడాది వసంతంలో ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద 'మాటలు దిద్దే వారికి' అని మాత్రమే ఉంది. అది ఎవరి బల్ల మీద పెట్టాలో బంట్రోతుకు తెలుసు. జగోర్కా విప్పి చూసింది. అదే గుండ్రటి రాత.

"మాటలు దిద్దే వారికి దోయ్‌రాన్ నుంచి తాషో నమస్కరించి రాయునది. మా అయిదుగురి మాంద్రాల గురించి అర్జీ రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని మావాళ్ళు నా చేత రాయించారు. ఈ చలికాలం ఇన్‌స్పెక్టర్లు వచ్చి, పక్షుల జాబితాలో మీ పేరు లేదని చెప్పి దడులన్నీ పీకించారు. మీరు సరిగ్గా రాసి ఉండరు అన్నారు. నేను రాసినదాంట్లో ఏ అక్షరం తప్పో దయచేసి తెలియజేస్తే సరిగ్గా రాసి మళ్ళీ పంపుకుంటాను. నా మూలంగానే అందరి నోటి కాడ కూడు పోయిందని మిగతా నలుగురూ నాతో మాట్లాడటం మానేశారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది."

జగోర్కా బీరువా తెరిచి పాత అట్ట తీసింది. తన ఎర్రగీత, తన సంతకం. దోయ్‌రాన్ మునిసిపాలిటీకి ఫోన్ చేసి మాంద్రా అంటే ఏమిటని అడిగింది. నీళ్ళంటే ఏమిటని అడిగినట్టు అవతలి గుమాస్తా ఆశ్చర్యపోయాడు. తరువాత చెప్పాడు. ఆమె ఫోన్ పెట్టేసి చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు.

సాయంత్రానికి జవాబు రాసింది. మూడే వాక్యాలు. మీ రాతలో తప్పు లేదు. తప్పు నాది. మాంద్రా అంటే గొర్రెల దొడ్డి అనుకుని మీ అర్జీని వేరే విభాగానికి పంపాను. దాన్ని కవరులో పెట్టే ముందు, ఆఫీసు కాగితం కదా, ఆఫీసు పెద్దకు చూపించాలి అనుకుంది. ఆ రోజు చూపించకుండా పోస్టు డబ్బాలో వేసి ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

స్పాసే మూడు వాక్యాలూ చదివాడు. ఆ వేళ నవ్వలేదు. దీన్ని దిద్దాలంటే పక్షుల అధ్యాయం మొత్తం మళ్ళీ తెరవాలన్నాడు. అక్టోబరులో కూటమిలో చేరే చర్చలకు తేదీ ఇస్తారని అంతా అంటున్నారు. అన్నీ సిద్ధం, ఒక్క తప్పు లేదు అని మొన్ననే రాసి పంపాం.

"ఇప్పుడు పోయి, అయ్యా, మేం సరస్సుకీ గొర్రెల దొడ్డికీ తేడా తెలుసుకోలేకపోయాం అని చెప్పుకుందామా? నవ్వులపాలవడానికి ఇదే దొరికిందా సమయం?" అన్నాడు. "తేదీ రానీ జగోర్కా. వచ్చిన మర్నాడే నేనే దగ్గరుండి దిద్దిస్తాను."

"మరి ఆ ఉత్తరం రాసినాయనకి ఏం రాయమంటారు?"

"మనకి వాళ్ళు రాసేదే రాయి."

ఆమె అదే రాసింది. మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది. తగిన సమయంలో తెలియజేయబడును. ఏళ్ళ తరబడి బ్రసెల్స్ నుంచి వచ్చే ఆ రెండు వాక్యాలను మా భాషలోకి తెచ్చింది ఆమే కాబట్టి, వెతుక్కోకుండానే చేతికొచ్చాయి. దేశం కోసం ఆగుతున్నానని తనకు తాను చెప్పుకుంది. స్పాసే ఇచ్చిన కారణాన్ని ఎంత తొందరగా అందుకుందో తలచుకుంటే తరువాత ఆమెకే రోత పుట్టేది. ఆమె ఆగింది దేశం కోసం కాదు. కామా కూడా వదలని మనిషి అన్న పేరు కోసం.

అక్టోబరు వచ్చింది. తేదీ రాలేదు. కూటమిలోనే దూరాన ఉన్న ఒక పెద్ద దేశం ముందు మా ఇల్లు మేం చక్కబెట్టుకోవాలి, కొత్తవాళ్ళ సంగతి తరువాత అంది. ఆఫీసులో ఆ రోజు ఎవరూ పని చేయలేదు. ఎవరో అయ్‌వార్ సీసా మూత తీశారు, ఇంకెవరో రొట్టె కోశారు, చావు ఇంట్లో తిన్నట్టు తిన్నారు. తాషో దగ్గర నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. తొందరేమీ లేదు, మీకు వంద పనులుంటాయి, నేను వ్యాకరణం పుస్తకం కొనుక్కుని చదువుకుంటున్నాను అని రాశాడు. ఆమె దాన్ని సొరుగులో పెట్టింది. వచ్చే ఏడాది ఇస్తారట అన్నాడు స్పాసే.

వచ్చే ఏడాది, కూటమిలో ముందే చేరిన తూర్పు పొరుగువాడి వంతు. మీరు మాట్లాడేది వేరే భాషేమీ కాదు, మా భాషలో ఒక యాస, అలా ఒప్పుకుంటేనే తలుపు తీస్తామన్నాడు. జగోర్కా మండిపడింది. మా నోట్లో మాట మాకు తెలియదా, ఎక్కడో కూర్చుని వీళ్ళెవరు మా మాటకు అర్థం చెప్పడానికి అని ఆఫీసు వసారాలో అందరి ముందూ గొంతు చించుకుంది. అంటూ అంటూనే నోరు మూతపడింది. తాను దోయ్‌రాన్‌కు చేసింది సరిగ్గా అదే. కనీసం ఆ పొరుగువాడు మొహం మీద చెప్పాడు, తాను మూసిన అట్టలో చేసింది.

ఆ నెలలోనే మూడో ఉత్తరం. "మా అయిదుగురిలో పాందో పోయాడని తెలియజేయడానికి చింతిస్తున్నాను. దడిలో లోపలి గదులు అల్లడం అతనికి వచ్చినట్టు ఎవరికీ రాదు. మేమిద్దరం యాభై ఏళ్ళు ఒకే పడవలో తిరిగాం. రెండేళ్ళుగా మాట్లాడలేదు. శ్మశానానికి వెళ్ళాను గానీ వెనకే నిలబడ్డాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నాను."

ఆలస్యం అమృతం విషం అంటారు. జగోర్కా ఆ ఉత్తరం పట్టుకుని స్పాసే గదిలోకి వెళ్ళలేదు. చలిలో నడుచుకుంటూ వర్దార్ నది వంతెన దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, అంత వయసు వచ్చిన మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది. పాందో ఎవరో ఆమెకు తెలియదు. మూడు వాక్యాలు పోస్టు చేసి ఉంటే ఆ ఇద్దరు ముసలివాళ్ళు ఏడాదిన్నర పాటు కలిసి కాఫీ తాగి ఉండేవారని మాత్రం తెలుసు.

వారం తిరక్కుండా ఎవరినీ అడగకుండా సవరణ కాగితం రాసి, సంతకం పెట్టి, పైకి పంపేసింది. స్పాసేకు తెలిసి కోపగించుకున్నాడు, తరువాత ఊరుకున్నాడు. విచిత్రం ఏమిటంటే ఎవరూ నవ్వలేదు. అధ్యాయం మళ్ళీ తెరవనూ లేదు. సవరణ అందినది అని బ్రసెల్స్ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, అంతే. ఆ అట్టను అక్కడెవరూ విప్పి కూడా చూసి ఉండరు.

అది వచ్చాక, జనవరిలో ఒక పొద్దున్నే ఆమె దోయ్‌రాన్ బస్సెక్కింది. సంచిలో సవరణ ప్రతి ఉంది. తాషో అర్జీకి తీయించిన రంగుల నకలు ఉంది, ఎర్రగీతతో సహా. నోటిమాట నమ్మకపోతే చూపించడానికి.

తాషో కూతురు దెసాంకా ఒడ్డున చిన్న భోజనశాల నడుపుతుంది. రెల్లు మీద పరిచి కాల్చిన బంగారుతీగ చేప ఆమె దగ్గర బాగుంటుందని పేరు. ఇప్పుడు ఆ చేప కూడా కొనుక్కొచ్చి కాలుస్తోంది. జగోర్కా తాను ఎవరో చెప్పగానే దెసాంకా చేతులు తుడుచుకుని, లోపల తండ్రికి చెప్పి వచ్చి, వెనక గదికి తీసుకెళ్ళింది. ఆ గది కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది. నీళ్ళలో అక్కడక్కడా పాత గుంజలు మిగిలి ఉన్నాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

పొయ్యి పక్కన బల్ల ముందు కూర్చున్న తాషో లేచి నిలబడ్డాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఎవరు వస్తున్నారో చెప్పగానే చొక్కా మార్చుకున్నట్టున్నాడు, మడతలు ఇంకా విప్పుకోలేదు.

"రామ్మా, రా. ఈ చలిలో నా కోసం స్కోప్యే నుంచి వచ్చేవా?" అని కుర్చీ లాగి వేశాడు. దెసాంకాను కాఫీ పెట్టమన్నాడు. బల్ల మీద నాలుగో తరగతి వ్యాకరణం పుస్తకం, దాని పక్కన నోటుపుస్తకాలు పేర్చి ఉన్నాయి. మూడు చలికాలాలుగా ఇదే పని, పక్షుల్లేవు దడి లేదు, కూర్చుని రాసుకోవడమే అన్నాడు. ఒక పుస్తకం విప్పి ఆమె ముందు పెట్టాడు. పేజీ తరువాత పేజీ అదే అర్జీ. దోయ్‌రాన్. మాంద్రాలు అయిదు. తాతల నాటివి. రాసి రాసి రాత ఇంకా గుండ్రంగా అయింది.

"ఇందులో తప్పెక్కడో చూపించు తల్లీ. చట్టాలు దిద్దిన కళ్ళు నీవి."

జగోర్కా బస్సులో వల్లించుకున్నదంతా మరిచిపోయింది.

"తప్పు లేదు బాబాయ్. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు," అంది. "తప్పు నాది."

అన్నీ చెప్పింది. మారియోవో కొండలు, తాత దొడ్డి, చేపల అట్ట, ఫోన్ చేసి కనుక్కోమన్నా వినకపోవడం, ఉత్తరం అందిన రోజే సంగతి తెలిసినా దాచడం. ఇప్పుడు జాబితా సరిచేశామని, దడులు కట్టుకోవచ్చని కూడా చెప్పింది. తాషో శ్రద్ధగా విన్నాడు. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి అతని మొహంలో నవ్వు మొదలైంది.

"మాంద్రా అంటే గొర్రెల దొడ్డా?" అని కూతురి వైపు తిరిగాడు. "విన్నావటే?"

"కొండల్లో అలాగే అంటారు నాన్నా," అంది దెసాంకా. కాఫీ గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. "సంతలో జున్ను డబ్బాల మీద కూడా ఉంటుంది."

"నువ్వూరుకో. ఆవిడంటే నా మీద జాలికొద్దీ చెప్తుంది. నువ్వు దానికి వంత పాడతన్నావు." జగోర్కా చేతి మీద మెల్లగా తట్టాడు. "ముసలాడు బాధపడతన్నాడని తప్పు నీ నెత్తిన వేసుకుంటన్నావు. నీ మనసు మంచిది. కానీ నేను పసివాణ్ణి కాదమ్మా."

జగోర్కా సంచిలోంచి నకలు తీసి బల్ల మీద పరిచింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? తాషో కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నా రాతే."

"అవును బాబాయ్."

"ఈ ఎర్రగీత నీదా?"

"నాదే. కింద సంతకమూ నాదే."

"మరింకేంటి తల్లీ," అన్నాడు తాషో నెమ్మదిగా. "ఎర్రగీత పడిందంటే తప్పున్నట్టేగా. బళ్ళో మాస్టారు ఊరికే కొట్టేసేవారా?"

జగోర్కా పక్కన రాసింది చదివి వినిపించింది. పాలు, జున్ను విభాగానికి. ఇదిగో, చూడండి, గొర్రెల దొడ్డి అనుకున్నానని ఇందులోనే ఉంది. తాషో తల ఊపాడు. అది కూడా అతనికి తన వైపు సాక్ష్యంగానే కనిపించింది.

"అంటే నేను రాసింది చదివితే నీకు గొర్రెలు కనపడ్డాయి. ఇరవయ్యేళ్ళు అదే పని చేసినదానివి, నువ్వే పొరబడ్డావంటే నేనెంత అధ్వానంగా రాసేనో చూసుకో. పాందో ఆనాడే అన్నాడు, ఒరే తాషో, అందంగా రాయడం కాదురా, సరిగ్గా రాయాలని." కళ్ళజోడు సర్దుకున్నాడు. "సరిగ్గా ఎలా రాయాలో రాసి చూపించమ్మా. ఆ మాట ఒక్కటే."

నోటుపుస్తకం ఆమె వైపు తిప్పి పెన్ను చేతికిచ్చాడు. రాస్తే రెండూ ఒకటేనని అతనికే తెలుస్తుంది అనుకుంది జగోర్కా. అతని మాట కిందనే, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, జాగ్రత్తగా రాసింది. మాంద్రా.

తాషో పైమాటనీ కిందమాటనీ వేలితో వెంటాడుతూ పోల్చాడు. మొదటి అక్షరం దగ్గర తల ఊపాడు. రెండో దానికీ, మూడో దానికీ ఊపాడు. తరువాత వేలు ఆగిపోయింది.

మా లిపిలో ఆ మాటకు ఆరక్షరాలు, నాలుగోది 'ద'; చేతిరాతలో దానికి ఒక తోక ఉంటుంది. వెనకటి బడుల్లో దాన్ని పైకి తిప్పి రాయడం నేర్పేవారు. జగోర్కా చదువుకునే నాటికి కిందికి దించడం నేర్పారు. రెండూ ఒప్పే. ఏ పరిష్కర్తా దాన్ని దిద్దదు.

"తోక," అన్నాడు తాషో. "చూసేవా? నీది కిందికుంది. నేను పైకి పెట్టేను."

"రెండూ ఒకటే బాబాయ్. ఎలా రాసినా ఒకటే. నా మాట వినండి."

అతను వినడం లేదు. నోటుపుస్తకాలు ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాడు. అన్నిటిలోనూ తోక పైకే ఉంది. మూడు చలికాలాలు కళ్ళెదుటే ఉన్నా కనపడలేదన్నాడు, వందసార్లు రాసేను, వందసార్లూ అదే తప్పు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అతని మొహం తేటపడింది. జగోర్కా జీవితంలో ఎందరి తప్పులో చూపించింది గానీ, చూపిస్తే ఇంతగా సంతోషించిన మనిషి ఒక్కరూ లేరు.

"పాందో ఉంటే బాగుణ్ణు," అన్నాడు. "వాడికి చెప్పుకునేవాణ్ణి."

కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ఆ నోటుపుస్తకం చంకలో పెట్టుకున్నాడు. మిగిలిన ముగ్గురూ ఈ వేళప్పుడు కాఫీ కొట్టులో ఉంటారు, చెప్పి వచ్చేస్తాను, నువ్వు భోంచేసే వెళ్ళాలి అని జగోర్కాకు మరీ మరీ చెప్పి బయటికి నడిచాడు.

జగోర్కా లేచింది. కాఫీ కొట్టులో అందరి ముందూ చెప్తాను, వాళ్ళైనా నమ్ముతారు అంది. దెసాంకా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అంతసేపటి నుంచీ ఆమె ఒక్క మాట కూడా కోపంగా అనలేదు, అప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"నేను నమ్మేను. మీరు చెప్పిందంతా నిజమే," అంది. "నాన్న మొదటి ఉత్తరం రాసిన వారానికే మీకు తెలుసు. రోజూ పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేవాడు. ఆ రోజుల్లో చెప్తే నమ్మేవాడండీ. పాందో బాబాయ్ కూడా నమ్మేవాడు. ఇప్పుడు మీరు పోయి ఏం చెప్తారు? ఇన్నాళ్ళూ ఊరికే కుమిలిపోయేవు, నీ తప్పేమీ లేదు, పాందో నీతో మాట్లాడకుండా పోవడానికి కారణమే లేదు అని చెప్తారా?"

జగోర్కా గుమ్మం దగ్గర నుంచి వెనక్కి జరిగింది.

"తోకన్నా ఉంచండి ఆయనకి," అంది దెసాంకా.

కిటికీలోంచి ఒడ్డునే ఉన్న కాఫీ కొట్టు కనిపిస్తోంది. తాషో తలుపు తీసి లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, నోటుపుస్తకం విప్పి పట్టుకుని ఏదో చెప్తున్నాడు. వేలితో చూపిస్తున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాత లోపల ఎవరో లేచి వచ్చి పుస్తకం అందుకున్నారు, భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళారు.

తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి క్షమించారు. చెయ్యని తప్పు.

దెసాంకా చేప వడ్డించింది. జగోర్కా కూర్చుంది. తాషో తిరిగి వచ్చి, అందరూ మాట్లాడేరమ్మా, నీ పుణ్యమే అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నప్పుడు, ఆమె కాదనలేదు.